జంషెడ్జీ టాటా: పెట్టుబడియు పెత్తనమును

పరదేశపు మూలధనము దేశములోనికి వచ్చుట మేలా, కీడా యను వాదము మన దేశమున నూరేండ్లకు పైబడి జరుగుచున్నది. అది రానిదే పరిశ్రమలు లేవని యొక పక్షమువారు చెప్పుదురు. అది వచ్చినచోట స్వాతంత్ర్యము నిలువదని రెండవ పక్షమువారు చెప్పుదురు. ఇరువురును ధనముయొక్క జన్మస్థానమునే చూచుచున్నారు. ఆ ధనము ఎట్టి నష్టమునకు సిద్ధపడి వచ్చినది, అట్లు సిద్ధపడినందులకు బదులుగా ఎంత పెత్తనమును పుచ్చుకొనినది యని విచారించువారు అరుదు. ఈ విచారమును సొంత లాభనష్టములయందు నేర్చుకొనిన భారతీయులలో జంషెడ్జీ నస్సర్వాన్జీ టాటా అగ్రగణ్యుడు. ఉక్కు కర్మాగారముయొక్క చరిత్రముగా ఆయన జీవితము పలుమారు చెప్పబడినది. ధనముయొక్క రాకపోకల చరిత్రముగా దానిని ఒకమారు చదివిచూతము.

జంషెడ్జీ 1839వ సంవత్సరము మార్చి 3వ తేదీన గుజరాతునందలి నవ్‌సారి పట్టణమున జన్మించెను. వారిది పార్సీ పురోహిత వంశము. తండ్రియగు నస్సర్వాన్జీ ఆ వంశమున పౌరోహిత్యమును విడిచి బొంబాయి చేరి వర్తకము నారంభించిన మొదటివాడు. కుమారునకు ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదువు చెప్పించి, 1858లో చదువు ముగియగా మరుసటి యేట హాంగుకాంగునకు పంపెను. అచట టాటాల సంస్థ ప్రత్తిని, నల్లమందును చైనావారికి అమ్మి, తేయాకు, పట్టు, కర్పూరము, రాగి మొదలగు సరకులను కొనుచుండెను. నల్లమందు వర్తకము నేడు మనకు రోత పుట్టించునది. ఆనాడు ప్రభుత్వమే దానివలన ఆదాయము నందుచుండెను. బొంబాయిలోని పెద్ద వర్తకులలో దానితో సంబంధము లేనివారు కొలదిమంది. గొప్పవారి చరిత్రమునుండి ఇట్టి సంగతులను తొలగించుట న్యాయము కాదు.

1861లో అమెరికాలో అంతర్యుద్ధము పుట్టెను. దక్షిణ రాష్ట్రముల రేవులు మూతపడి, లాంకషైరు మిల్లులకు అమెరికా ప్రత్తి రాక నిలిచిపోయెను. అంతట ఇంగ్లండు వర్తకుల చూపు బొంబాయిపై పడెను. ప్రత్తి ధర ఎన్నడును కనివిని యెరుగనంతగా పెరిగి, కోట్లకొలది ధనము ఆ యొక్క నగరమునకు ప్రవహించెను. వచ్చిన ధనమునకు పని యెక్కడిది? మిల్లులు కొలదిగానే యుండెను; యంత్రములు ఇంగ్లండునుండి రావలెను. కావున ఆ ధనము కాగితములలోనికి దిగెను. దినమునకొక బ్యాంకి, దినమునకొక కంపెనీ పుట్టెను. సముద్రమును పూడ్చి భూమిని చేయుదుమని బయలుదేరిన బ్యాక్‌బే కంపెనీయొక్క అయిదువేల రూపాయల వాటా ఏబదివేల వరకు పలికెను. ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ మాటయే బజారులో శాసనముగా చెల్లుచుండెను.

ఈ సంరంభములో టాటాలును పాలుపంచుకొనిరి. లండనులో భారతీయుల బ్యాంకి నొకదానిని నెలకొల్పవలెనని ప్రేమ్‌చందు మొదలగువారితో కలిసి యోచించి, 1864 చివర యువకుడైన జంషెడ్జీని అచటికి పంపిరి. ఆయన వెంట గొనిపోయినది ప్రత్తి సరకుపై వ్రాయబడిన హుండీలు. 1865 ఏప్రిలులో దక్షిణ రాష్ట్రముల సేనాని లీ లొంగిపోయెను. యుద్ధము ముగిసెను, ప్రత్తి ధర కూలెను, జంషెడ్జీ చేతిలోని హుండీలు చిత్తుకాగితము లయ్యెను. బొంబాయిలో 1865 జూలై 1వ తేదీ లెక్కలు తీర్చుకొను గడువు. ఆ దినమున చెల్లింపగలవారు కానరారైరి. బ్యాక్‌బే వాటా నేలబడెను. ప్రభుత్వమునకు భాగము గలిగిన పాత బొంబాయి బ్యాంకి సయితము ఈ దెబ్బనుండి కోలుకొనలేక 1868లో మూతపడెను. నస్సర్వాన్జీ తన యింటిని అమ్ముకొనవలసివచ్చెను.

లండనులో జంషెడ్జీ అప్పులవారికి మొగము చాటుచేయలేదు. వారియొద్దకు తానే పోయి ఉన్న స్థితిని దాపరికము లేక తెలిపెను. వారు ఆయన నిజాయితీని మెచ్చి, ఆస్తులను విక్రయించి బాకీలు తీర్చు పనిని ఆయనకే అప్పగించి, నెలకు ఇరువది పౌనుల జీతము నేర్పరచిరి. తన దివాలాను తానే పరిష్కరించుటకు అప్పులవారివలన జీతము పొందిన వర్తకుడు ఎందరుందురు? చేతిలోని ధనము పోయినను మాట నిలిచినయెడల మరల ధనము వచ్చునని ఇరువదియారేండ్ల వయస్సున ఆయనకు అనుభవపూర్వకముగా బోధపడెను. దూరదేశమందలి యుద్ధము తెచ్చిన ధనము ఆ యుద్ధముతోనే వెడలిపోవునని బోధపడినదియు అప్పుడే.

ఇంగ్లండులో నున్నపుడు ఆయన లాంకషైరు మిల్లులను చూచెను. మన ప్రత్తి వేలకొలది మైళ్లు ప్రయాణము చేసి, నూలై వస్త్రమై మరల మన యూరి సంతకే వచ్చుచున్న విధమును కనులార గనెను. 1868లో అబిసీనియా దండయాత్రకు పోయిన బ్రిటిషు సేనకు సామగ్రి నందించు కంట్రాక్టులో నస్సర్వాన్జీ భాగస్వామియై గొప్ప లాభము గడించుటచే కుటుంబము తేరుకొనెను. 1869లో జంషెడ్జీ చించ్‌పొక్లీలో దివాలాతీసిన నూనెమిల్లు నొకదానిని కొని నూలుమిల్లుగా మార్చి, రెండేండ్లలో లాభమునకు అమ్మెను. అది అభ్యాసము మాత్రమే. అసలు సాహసము 1874లో ఆరంభమయ్యెను.

ఆ యేట ఆయన పదునైదు లక్షల రూపాయల మూలధనముతో సెంట్రల్ ఇండియా నూలు, నేత కంపెనీని స్థాపించెను. వాటా యొక్కటికి అయిదువందల రూపాయలు. మిల్లనగా బొంబాయియే యని లోకము తలచుచుండగా ఆయన నాగపురము నెన్నుకొనెను. ప్రత్తి పండు నేల అచటనే యున్నది. వరోరా బొగ్గు సమీపముననే యున్నది. వస్త్రమును కొనువారును అచటనే యున్నారు. స్థలము మాత్రము రైలుస్టేషను చెంతనున్న పల్లపు బురదనేల. దానిని పూడ్పించుచుండగా ఆ యూరి మార్వాడీ సాహుకారొకడు, బంగారమును గోతిలో పోయువానికి తాను అప్పీయజాలనని నిరాకరించెనట. కొన్నియేండ్ల పిమ్మట అతడే, టాటా మన్ను పోసి బంగారము తీసెనని ఒప్పుకొనెనని చెప్పుదురు.

ఆ సాహుకారును పరిహసించుట సులభము. వానికి తెలిసినది తాకట్టుపై అప్పిచ్చుట. అప్పిచ్చువానికి అసలును, వడ్డీయు చాలును. అంతకుమించి లాభము వచ్చినను వానికి రాదు, నష్టము వచ్చినపుడు అసలే పోవును. అట్టివాడు బురదనేలను చూచి వెనుదీయుట వివేకమే. బురదనేలకు కావలసినది వేరొక జాతి ధనము. పోయిన పోవునని తెలిసి, వచ్చినయెడల పాలు పుచ్చుకొందునని ముందుగనే నిశ్చయించుకొని వచ్చునట్టిది ఆ ధనము. దానినే నేటివారు వెంచర్ క్యాపిటల్ అని పిలుచుచు అమెరికానుండి వచ్చిన క్రొత్త విద్యగా భావించుచున్నారు. మనము సాహస మూలధనమని పిలువవచ్చును. పేరు క్రొత్తది, పని 1874లో నాగపురమున జరిగినది.

1877 జనవరి 1వ తేదీన, విక్టోరియా రాణి చక్రవర్తినిగా ప్రకటింపబడిన నాడే, మిల్లు తెరువబడెను. అందుచే దానికి ఎంప్రెస్ మిల్లు అను పేరు వచ్చెను. మొదట యంత్రములు చాలినంత మంచివి గాక వాటా ధర మూలవెలకంటె దిగిపోయెను. జంషెడ్జీ వెంటనే మంచి యంత్రములను తెప్పించెను. రైల్వే సరకుల శాఖలో పనిచేయుచుండిన బెజన్జీ దాదాభాయి మెహతాను మేనేజరుగా నియమించెను. లాంకషైరువారు ఇంకను సందేహించుచుండగనే అమెరికా రింగు కదుళ్లను పరీక్షించి ప్రవేశపెట్టెను. 1886లో పనివారికి పింఛనునిధిని, 1895లో ప్రమాదమునకు నష్టపరిహారమును ఏర్పరచెను. ఆ కాలమున మేనేజింగు ఏజెంట్లు మిల్లుకు నష్టము వచ్చినను ఉత్పత్తిపై కమీషను పుచ్చుకొనుచుండిరి. జంషెడ్జీ ఏజెంటు ప్రతిఫలమును లాభముతో ముడివేసిన సంస్కర్త. వాటాదారు నష్టపడునపుడు నడుపువాడు లాభపడరాదను ఈ నియమము చిన్నదిగా కనబడును గాని, పరుల ధనమునకు ధర్మకర్తగా నుండువాని శీలమంతయు అందులోనే యున్నది.

1886లో కుర్లాయందలి ధరంసీ మిల్లును పన్నెండున్నర లక్షలకు కొని స్వదేశీ మిల్లని పేరు పెట్టెను. యంత్రములు శిథిలములు, నష్టముపై నష్టము వచ్చెను, టాటా పేరునకే మచ్చ తగులునట్లయ్యెను. బ్యాంకి అప్పీయ నిరాకరించెను. అపుడాయన తన కుటుంబమునకై యేర్పరచిన ట్రస్టును రద్దుచేసికొని, ఎంప్రెస్ వాటాలలో కొన్నిటిని అమ్మి, ఆ ధనమును స్వదేశీ మిల్లులో పోసి నిలబెట్టెను. ఇతరులను సాహసింపుమని పిలిచినవాడు సొంత ఆస్తిని వెనుక దాచుకొనలేదు. ఇంతలో 1896లో ప్రభుత్వము లాంకషైరువారి యొత్తిడికి లోబడి మన మిల్లు వస్త్రములపై నూటికి మూడున్నర చొప్పున సుంకము విధించెను. సొంత ధనముతో సొంత గడ్డపై నేసిన బట్టకు దండుగ చెల్లింపవలసిన దుస్థితి అది. జంషెడ్జీ దానిని లెక్కలతో ఖండించెను. ఆ సుంకము తొలగుటకు 1926వ సంవత్సరము రావలసివచ్చెను.

ఉక్కును గూర్చిన సంకల్పము ఆయనకు 1882లో కలిగెను. చాందా జిల్లాలోని ఇనుపరాతిని గూర్చి జర్మను నిపుణుడు ఫాన్ ష్వార్ట్జ్ వ్రాసిన నివేదిక ఆయన కంటబడెను. అప్పటి గనుల నిబంధనలు అట్టి పనికి ప్రతికూలములు. 1899లో కర్జను ప్రభుత్వము వానిని సడలించెను. మరుసటి యేట ఆయన లండనులో ఇండియా మంత్రియగు జార్జి హామిల్టనును కలిసికొని సమ్మతి పొందెను. 1902లో, అరువదిమూడేండ్ల వయస్సున, అమెరికాకు పోయి పిట్సుబర్గు కొలుములను పరిశీలించి, న్యూయార్కులో చార్లెసు పేజి పెరిన్ అను ఇంజనీరును కలిసికొని ఆయనను తన పనికి కుదుర్చుకొనెను. విద్య అమెరికానుండి, యంత్రములు జర్మనీ, ఇంగ్లండు, అమెరికాలనుండి రావచ్చును. వానికి వెల కట్టి ఇచ్చినచో బాకీ తీరిపోవును. ఈ భేదమును ఆయన చక్కగా గుర్తించెను. 1892లో భారతీయ విద్యార్థులను విదేశములకు పంపుటకు నిధి నేర్పరచుటయు, ముప్పది లక్షల రూపాయల ఆస్తిని విజ్ఞానపీఠమునకై కేటాయించుటయు, ఆ వెల సయితము ముందుముందు చెల్లింపవలసిన పని లేకుండ చేయుటకే. ఆ పీఠము ఆయన మరణానంతరము 1909లో బెంగుళూరున నెలకొనెను.

జంషెడ్జీ 1904 మే 19వ తేదీన జర్మనీయందలి నౌహైములో మరణించెను. ఇనుపగని దొరకలేదు, ఉక్కు పుట్టలేదు, విద్యాపీఠపు పునాది పడలేదు. గని జాడను ఆ యేటనే భూగర్భశాస్త్రజ్ఞుడు ప్రమథనాథ బోసు తెలియజేసెను. అది మయూరభంజ సంస్థానమందలి గోరుమహిసాని కొండ. కుమారుడు దొరాబ్జీ, బంధువైన ఆర్. డి. టాటా, బుర్జోర్జీ పాద్షా ఆ పనిని కొనసాగించిరి. ఇక మిగిలినది ధనము.

ధనమునకై వారు మొదట లండనునకే పోయిరి. భారతీయులు ఉక్కు చేయుదురను నమ్మకము అచటి ధనికులకు చాలలేదు. ద్రవ్యపు బజారు బిగిసియుండెను. ముందునకు వచ్చినవారు కోరిన షరతులకు అంగీకరించినయెడల పెత్తనము చేజారునట్లుండెను. మాసములు గడచినను బేరము కుదరలేదు.

ఆ దినములలోనే మన చెన్నపట్టణమున జరిగిన యొక యుత్పాతమును తెలుగువారు మరువరాదు. 1906 అక్టోబరు 22వ తేదీన అర్బత్‌నాట్ కంపెనీ తలుపులు మూసెను. తెల్లదొరల కంపెనీ, శతాబ్దపు పరపతి గలది. మన రాజధానియందలి ఉద్యోగులు, వితంతువులు, భూస్వాములు కడుపుకట్టుకొని దాచిన సొమ్మును అందు నిక్షేపించిరి. ఆ సొమ్ము లండనులోని భాగస్వామి చేతులమీదుగా పరదేశపు జూదపు వ్యాపారములలో కలిసిపోయెను. బీదదేశపు పొదుపు ధనికదేశపు సాహసమునకు ఆహుతి యయ్యెను. లాభము వచ్చియుండినయెడల డిపాజిటుదారులకు దక్కునది వడ్డీ మాత్రమే. నష్టము మాత్రము సంపూర్ణముగా వారిదే యయ్యెను. ఆ గుణపాఠమునుండియే 1907లో చెన్నపట్టణమున ఇండియన్ బ్యాంకి పుట్టెను.

అదే 1907లో టాటాలు లండనును విడిచి బొంబాయి ప్రజలనే అడుగ నిశ్చయించిరి. ఆగస్టు 26వ తేదీన కంపెనీ రిజిష్టరయ్యెను. సాధారణపు వాటా వెల డెబ్బదియైదు రూపాయలుగా నిర్ణయింపబడెను. బ్యాక్‌బే వాటా అయిదువేలు, ఎంప్రెస్ వాటా అయిదువందలు, ఇది డెబ్బదియైదు! చిన్న గుమాస్తాకును అందుబాటులోని వెల. వంగదేశమునుండి వ్యాపించిన స్వదేశీ యుత్సాహము దేశమంతటను నిండియుండెను. తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకువరకు టాటాల కచేరీని జనులు ముట్టడించిరి. మూడు వారములలో రెండుకోట్ల ముప్పదియొక్క లక్షల డెబ్బదియైదువేల రూపాయలు సమకూడెను. ఇచ్చినవారు సుమారు ఎనిమిదివేలమంది. తరువాత నాలుగులక్షల పౌనుల ఋణపత్రములను గ్వాలియరు మహారాజు ఒక్కడే పుచ్చుకొనెను. 1912 ఫిబ్రవరిలో సాక్చీయందు ఉక్కు పుట్టెను. ఆ గ్రామమే 1919లో జంషెడ్‌పూరు అను పేరు దాల్చెను. మన తెలుగువారును అనేకులు పనికై పోయి అచట స్థిరపడిరి.

1865లో మోసపోయినది బొంబాయియే. 1907లో గెలిచినదియు బొంబాయియే. ఉత్సాహము రెండుమారులును కలదు. కావున ఉత్సాహమే కారణమని చెప్పుట తగదు. దేశాభిమానమే కారణమని చెప్పుటయు సంపూర్ణ సత్యము కాదు. స్వదేశీ పేరుతో వెలసిన ఇండియన్ స్పీషీ బ్యాంకి 1913లో కూలి ఎందరినో ముంచెను. 1865లో ధనము ముందు వచ్చి పనికై వెదకుకొనెను. 1907లో పని ముందు జరిగెను. ఇరువదియైదేండ్ల విచారణ, రాతి పరీక్ష, బొగ్గు పరీక్ష, అమెరికా నిపుణుల లెక్క, ఏటేట ఇరువదివేల టన్నుల పట్టాలను పదియేండ్లపాటు కొనుటకు ప్రభుత్వపు ఒప్పందము, వీనియన్నిటి వెనుక నాగపురమున ముప్పదియేండ్లు వాటాదారుల లెక్క తప్పని పేరు. ఆ పేరును జంషెడ్జీ తన వారసులకు విడిచిపోయిన మూలధనమని చెప్పవచ్చును. లండను వెలకట్టలేకపోయినదియు దానినే.

ఆ పేరు 1924లో మరల పరీక్షకు నిలిచెను. ఐరోపా ఉక్కు చౌకగా వచ్చిపడుటచే కంపెనీకి జీతములకును సొమ్ము చాలని దినములు వచ్చెను. దొరాబ్జీ తన సొంత ఆస్తినంతయు ఇంపీరియల్ బ్యాంకియొద్ద కుదువపెట్టి కోటి రూపాయల అప్పు తెచ్చెను. స్వదేశీ మిల్లునాడు తండ్రి చేసినదానినే కుమారుడు చేసెను. ఆ యేటనే ఉక్కు రక్షణ శాసనము వచ్చుటచే కర్మాగారము నిలిచెను.

ఈ చరిత్రమును నేటి స్థితితో పోల్చి చూతము. 2007లో బెంగుళూరున ఇద్దరు యువకులు ఫ్లిప్‌కార్టు కంపెనీని స్థాపించిరి. బుద్ధి మనది, శ్రమ మనది, కొనువారు మనవారు. ఏండ్లతరబడి నష్టమును భరించిన సాహస ధనములో పెద్దపాలు అమెరికా, జపాను, దక్షిణాఫ్రికాలది. మాతృసంస్థ సింగపూరున రిజిష్టరయ్యెను. 2018లో అమెరికా సంస్థయగు వాల్‌మార్టు పదునారువందల కోట్ల డాలర్లిచ్చి నూటికి డెబ్బదియేడు పాళ్లను కొనెను. ఇందులో అన్యాయమేమియు లేదు. నష్టమునకు సిద్ధపడినవారు లాభమును, పెత్తనమును పొందిరి. మన ధనము ఆనాడు ఎక్కడ నుండెనని మనలను మనము ప్రశ్నించుకొనవలెను గాని, వచ్చినవారిని నిందించుట తగదు.

పెట్టుబడి మన చేతులలో నున్నంతమాత్రమున ధర్మము దానంతట నిలుచుననియు భ్రమింపరాదు. అదే 2007లో టాటా ఉక్కు కంపెనీ చాలవరకు అప్పు తెచ్చి, 620 కోట్ల పౌనులకు కోరస్ కంపెనీని కొని, బ్రిటిషు ఉక్కు పరిశ్రమకు యజమాని యయ్యెను. నూరేండ్లనాడు లండను తిరస్కరించిన కంపెనీ లండనుకే మూలధనపతి యయ్యెనని మనము గర్వించితిమి. పదునెనిమిదేండ్లు గడువకమునుపే, 2024 సెప్టెంబరులో, వేల్సునందలి పోర్టు టాల్బటులో కడపటి ఇనుపకొలిమి చల్లారెను. కర్మాగారము తమ యూరనున్నను నిర్ణయము మరియొక దేశమున జరుగుట ఎట్లుండునో ఆ యూరివారికిపుడు తెలిసినది. మనకది పూర్వమే తెలిసినది.

జంషెడ్జీ పరదేశపు విద్యను కాదనలేదు, యంత్రమును కాదనలేదు, పరదేశపు అప్పును సయితము కాదనలేదు. నష్టమును మోయు పాలు మాత్రము స్వజనులదై యుండినగాని ఫలము స్వజనులది కాదని ఆయన జీవితము నిరూపించినది. మన భూస్వాములును, పట్టణవాసులును ధనమును నేలలోను, బంగారములోను, ఇండ్లలోను నిలువచేయుటయే క్షేమమని తలచుచున్నారు. ఆ క్షేమమునకు వెల గలదు. మనము సాహసింపని చోట మరియొకడు సాహసించును. అతడే మన పిల్లలకు యజమాని యగును. అట్లని పిలిచిన ప్రతివాని చేతిలో సొమ్ము పోయుటయు తగదు. వాడు ముందు ఏ పని చేసెను, నష్టమున తన సొంత ఆస్తి నెంత నిలిపెను, లెక్కను దాపరికము లేక చూపెనా యని విచారించి ఈయవలెను. నాగపురపు సాహుకారునకు లేకపోయినది ఆ విచారము; 1907లో డెబ్బదియైదు రూపాయలతో వచ్చిన గుమాస్తాకు కలిగినది ఆ విచారము.